పుంజు నీ దగ్గర, పెట్టలు నా దగ్గర

అమ్రాబాద్
18 అక్టోబరు 2024

అక్కా,

నేను సుష్మను, రాస్తున్నాను. అమ్మ సంవత్సరీకం దాకా నాతో మాట్లాడనని అమ్మ ఫోటో మీద చెయ్యి పెట్టి ఒట్టేసుకున్నావు. నా ఫోన్ ఎత్తవు. నీ మరిది భాస్కర్ ఫోన్ నుంచి చేసినా నా గొంతు వినగానే పెట్టేస్తావు. మాట్లాడనన్నావు గానీ చదవనని అనలేదు కదా! అందుకే కవర్లు కొనుక్కొచ్చాను. పోస్టాఫీసులో ఆయన "ఫోన్ ఖరాబైందా అమ్మా?" అని అడిగాడు. ఫోన్ బాగానే ఉంది, మా అక్కే ఖరాబైందని మనసులో అనుకొని డబ్బులిచ్చి వచ్చాను.

ఆ రోజు జరిగింది నువ్వొక తీరుగా అనుకుంటున్నావు, నేనొక తీరుగా. నేను చూసింది రాస్తాను, తప్పయితే దిద్దు. అమ్మ దినాల్లో కృష్ణ ఒడ్డున పిట్టకు పెట్టాం. అన్నం, కూర, అమ్మకు ఇష్టమైన సర్వపిండి విస్తరిలో పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. కాకి వచ్చింది, చుట్టూ తిరిగింది, ముట్టలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చినా ముట్టలేదు. "ముసల్ది దేని మీదనో పానం పెట్టుకొని పోయింది, ఏందో జర అర్సుకోండ్రి" అన్నాడు రామన్న బాబాయి. అమ్మ పానమంతా ఆ చిట్టి కోళ్ళ మీదే అని మనకు తెలుసు. నువ్వు ముందుకు పోయి దండం పెట్టి "అమ్మా, నీ కోళ్ళను నేను సాదుత, రంది పెట్టుకోకు" అన్నావు. కాకి కదలలేదు. వెనక నుంచి ఎవరో నన్ను తోశారు. నేనూ అదే మాట అన్నాను. కాకి దిగి ముట్టింది. ఇందులో నా తప్పేముంది అక్కా? కాకికి నేనేమైనా చెప్పి పెట్టానా?

దానికి నువ్వు ఇంటికి రాగానే మూడు పెట్టలనూ గంపలో వేసి నా ఒడిలో పెట్టి, పుంజును మాత్రం మగ్గం గుంజకు కట్టేసుకున్నావు. "కాకి పెట్టలను ఇచ్చింది, పుంజును ఇయ్యలే" అన్నావు అందరి ముందు. వాళ్ళు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఇక్కడి సంగతి. పెట్టలు గుడ్లు పెడుతున్నాయి. ఒకటి పొదుగుకు కూర్చుంటే కింద గుడ్లు పెట్టాను. మూడు వారాలు అది తిండి కూడా సరిగా తినకుండా కూర్చుంది. ఒక్కటీ పిల్ల కాలేదు, అన్నీ మురిగిపోయాయి. పుంజు లేకుండా పిల్లలెట్లా అవుతాయని పక్కింటి దేవమ్మ కడుపు పట్టుకొని నవ్వింది. వాళ్ళ పుంజును మా వాకిట్లోకి తోలింది. అదేమో కుక్కపిల్లంత ఉంది, మన పెట్టలు పావురమంత. ఒక పెట్ట వీపు మీద ఈకలన్నీ పీకి పెట్టింది. ఒకవేళ పిల్లలైనా అవి మామూలు కోళ్ళవుతాయి గానీ, అమ్మ రాయచూరు నుంచి ఒళ్ళో పెట్టుకొని తెచ్చుకున్న జాతి కావు. బాంటం అంటారట వీటిని, భాస్కర్ ఫోన్లో చూసి చెప్పాడు.

చనిపోయిన అమ్మకు మాటిచ్చి నిలబెట్టుకోకపోతే నాకు నిద్ర పట్టదు. పుంజును పంపు అక్కా. నా మీద కోపం నా మీదే ఉంచుకో.

బావకు నమస్కారాలు చెప్పు.
సుష్మ


గద్వాల
5 నవంబరు 2024

సుష్మకు,

నీ ఉత్తరం చదవకూడదనుకున్నాను. మీ బావ చదివి తనలో తాను నవ్వుకుంటుంటే లాక్కొని చదివాను. అక్క ఖరాబైందట. అయింది మరి.

నీ తప్పేముందని అడిగావు. ఏమీ లేదు. నువ్వెప్పుడు తప్పు చేశావు? అమ్మ మంచాన పడ్డ మూడేళ్ళూ ఆమె మంచానికీ నా నడుముకూ మధ్య నూలు తాడు కట్టుకొని మగ్గం గుంటలో కూర్చున్నాను, ఆమె కదిలితే నాకు తెలియాలని. ఒక చీరె నేయడానికి మీ బావకు ఎంత పడుతుందో నాకు దానికి రెండింతలు పట్టింది, గడియకోసారి లేవాలి కదా. కడిగాను, తినిపించాను, తిట్లు తిన్నాను. నువ్వు ఏడాదికి రెండుసార్లు పండ్లు పట్టుకొని వచ్చి, కాళ్ళు నొక్కి, కన్నీళ్ళు పెట్టుకొని పోయేదానివి. తీరా చివరికి కాకి నీ మాట విన్నది.

కాకి రాకపోతే పోయె. ఇంటికి వచ్చాక మా అత్తమ్మ ఏమన్నదో తెలుసా? "తల్లికి పెద్దబిడ్డ మీద ఏం కోపముండెనో, ఎవలకు తెలుసు" అన్నది. వాకిట్లో పదిమంది ఉన్నారు. ఒక్కరూ కాదనలేదు. నీళ్ళకు పోయినా, నూలుకు పోయినా ఆ మాటే నా వెనక వస్తున్నది. నువ్వు అమ్రాబాద్‌లో ఉన్నావు, నీకేం వినపడుతుంది?

పుంజును ఇవ్వను. అంత కావాలంటే కాకినే అడుగు, తెచ్చిస్తుంది.

పెట్టను దేంట్లో కూర్చోబెట్టావు? రేకు టబ్బులో అయితే కాళ్ళు జారి గుడ్లు పగలగొడుతుంది. వెదురు గంపలో ఇసుక పోసి, మీద గడ్డి పరిచి కూర్చోబెట్టాలి. గుడ్ల పక్కన ఒక బొగ్గు ముక్క, ఒక ఇనుప మొల పెట్టు. ఉరుములకు గుడ్లు చెడుతాయని అమ్మ పెట్టేది. పొద్దున ఒకసారి దాన్ని లేపి నూకలు, నీళ్ళు పెట్టు, లేకపోతే మొండిగా కూర్చొని ఎండిపోతుంది. పట్టు పీచు మాత్రం గూట్లో వేయకు, మెత్తగా ఉంటుందని ఒకసారి నేను వేస్తే పిల్లల కాళ్ళకు చుట్టుకొని రెండు కుంటివైపోయాయి.

ఇదంతా కోళ్ళ కోసం రాస్తున్నాను, నీ కోసం కాదు.

మాలతి


అమ్రాబాద్
22 జనవరి 2025

అక్కా,

ఇన్నాళ్ళు నీకు రాయకూడదని పట్టుపట్టాను. నీ ఉత్తరంలో తిట్లు నాకు, జాగ్రత్తలు కోళ్ళకు. జాగ్రత్తలన్నీ పాటించాను. తిట్లు కూడా దాచుకున్నాను, ఎప్పుడైనా పనికొస్తాయని.

ఒక చెడ్డ మాట చెప్పాలి. మొన్న తెల్లవారుతుండగా అడవి పిల్లి గూటి తలుపు పీకి ఒక పెట్టను ఎత్తుకుపోయింది. తెల్లమచ్చల పెట్ట, అమ్మ భుజం మీద ఎక్కి కూర్చునేదే, అది. భాస్కర్ టార్చి పట్టుకొని చెలక దాకా పోయి ఈకలు మాత్రం తెచ్చాడు. ఇక్కడ అడవి దగ్గరని తెలిసి కూడా గట్టి తలుపు పెట్టించలేదు, అది నా తప్పే. ఇంక రెండే మిగిలాయి. అవి కూడా పోతే అమ్మకిచ్చిన మాటా పోతుంది, జాతీ పోతుంది. రోజూ నిద్రలేవగానే ముందు గూట్లో చెయ్యి పెట్టి ఉన్నాయా లేవా అని తడుముకుంటున్నాను.

అత్తమ్మ అన్న మాట చదివాను. నీకొకటి చెప్పనా? ఆఖరి ఏడాది నేను వచ్చినప్పుడల్లా అమ్మ నన్ను చూసి "ఎవలమ్మా నువ్వు, ఏ ఊరు మీది?" అని అడిగేది. పండు నోట్లో పెడితే "మాలతిని పిలువు, మాలతి పెడితెనే తింట" అనేది. నిన్ను ఒక్కసారైనా ఎవరని అడిగిందా? నేను బయటికి వచ్చి ఏడ్చేదాన్ని. అమ్మ కోసం ఏడుస్తున్నానని మీరంతా అనుకునేవాళ్ళు. సగం కుళ్ళుతో ఏడ్చేదాన్ని అక్కా. అత్తమ్మకు ఈ సంగతి నువ్వు చెప్పవు, నాకు తెలుసు. నేనొచ్చి చెప్తా.

కాకి నా మాటకు రావడం నాకేం సంబరం కాదు. ముట్టిన క్షణం నుంచి మోస్తున్నాను. పుంజును పంపవా? లేదంటే పెట్టలనే పట్టుకొని వచ్చి మీ గడపలో కూర్చుంటా. నువ్వు మాట్లాడకు, నేనూ మాట్లాడను. కోళ్ళు మాట్లాడుకుంటాయి.

సుష్మ


గద్వాల
3 మార్చి 2025

సుష్మకు,

పుంజును పంపుతున్నాను. రామన్న బాబాయి ఆరో తారీఖున నాగర్‌కర్నూల్‌లో పెళ్ళికి పోతున్నాడు, గంప ఆయన చేతికిస్తాను. భాస్కర్‌ను అక్కడి బస్టాండుకు పంపి తీసుకో. వనపర్తిలో బస్సు మారేటప్పుడు నీళ్ళు తాపమని బాబాయికి చెప్పాను, మరిచిపోతాడు, వాడు రాగానే నువ్వు తాపు.

ఎందుకు మనసు మార్చుకున్నావని అడగకు. మగ్గం మీద కొత్త చీరె ఎక్కించాం. వీడు పోగుల మీదికి ఎగిరి కూర్చుంటున్నాడు. మీ బావ ఒకటే గొణుగుడు. నాకూ విసుగొచ్చింది.

మంచిగా చూసుకో. వాడికి జొన్నల కన్నా సజ్జలు ఇష్టం.

మాలతి


అమ్రాబాద్
9 మార్చి 2025

అక్కా, అక్కా,

దొరగారు వచ్చేశారు! గంప మూత తీయగానే ఒళ్ళు విదిలించి, అటూ ఇటూ చూసి, మా ఇల్లంతా తనదే అన్నట్టు కూత పెట్టాడు. దేవమ్మ వాళ్ళ పెద్ద పుంజు గోడ మీద నుంచి తొంగి చూస్తే దాని మీదికి దూకబోయాడు. పావురమంత ప్రాణికి అంత పొగరు ఎక్కడిదో! "మీ అక్క పెంచింది కద, గట్లనే ఉంటడు" అన్నాడు భాస్కర్. నేను నవ్వాను, నువ్వు కూడా నవ్వు.

పెట్టలు రెండూ వాడి వెంటే తిరుగుతున్నాయి. నిన్న, ఈ రోజు పెట్టిన గుడ్లు విడిగా ఇసుకలో దాచాను. ఎర్ర పెట్ట పొదుగుకు వచ్చేట్టుంది, రెక్కలు దింపుకొని గొణుగుతున్నది. అది కూర్చోగానే కింద పెడతాను. ఈసారి మురగవు. గుండెల మీద నుంచి బండ దించినట్టుంది నాకు.

నీకెట్లా చెప్పాలో తెలియడం లేదు. కోపం ఇంకా ఉన్నా పంపావు చూడు, అందుకు. పిల్లలైతే మొదటి జత నీకే.

సుష్మ


గద్వాల
17 మార్చి 2025

సుష్మా,

ఈ ఉత్తరం రాసే ముందే మీ బావతో భాస్కర్‌కు ఫోన్ చేయించాను. ఎన్నిసార్లు చేసినా మోగుతున్నది గానీ ఎత్తడం లేదు. నా నోటితో చెప్పలేనిది కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

నీకు అబద్ధం రాశాను. పోగుల మీదికి ఎగరడం కాదు. మా వీధిలో కొక్కెర రోగం వచ్చింది. మొదట బాలన్న ఇంట్లో కోళ్ళు మెడలు వంకర పోయి, పచ్చగా పారుకొని చచ్చాయి. రోగం రాగానే ఇక్కడ అందరూ చేసేదే చేశారు. బాగున్న కోళ్ళను గంపల్లో పెట్టి వేరే ఊళ్ళలో చుట్టాల ఇళ్ళకు పంపారు. విజయమ్మత్త ధరూర్‌లో బిడ్డ ఇంటికి పంపింది. నేనూ అట్లాగే పుంజును నీకు పంపాను. వాడు అప్పుడు బాగానే ఉన్నాడు, మేత తింటున్నాడు, దేవుని సాక్షిగా బాగున్నాడు. ఇక్కడ ఉంటే చస్తాడు, అక్కడైతే బతుకుతాడు, నీ పెట్టలకూ తోడవుతాడు అనుకున్నాను. రోగం సంగతి చెబితే నువ్వు తీసుకోవని చెప్పలేదు.

నిన్న ధరూర్ నుంచి కబురు వచ్చింది. విజయమ్మత్త పంపిన కోళ్ళు పోయాయట. వాటితో పాటు ఆ బిడ్డ ఇంటి కోళ్ళు, ఆ వాడలో కోళ్ళన్నీ పోయాయట. "బతికిద్దామని తోలిస్తె ఊరినే ముంచిన" అని అత్త నెత్తి కొట్టుకుంటున్నది. అది విన్నప్పటి నుంచి మగ్గంలో దిగలేదు.

పుంజును వెంటనే విడిగా పెట్టు. పెట్టలను వేరే ఇంట్లో పెట్టు. కాదు, వేరే ఇంటికి పంపకు, ఇంట్లోనే వేరే గదిలో పెట్టు. పశువుల దవాఖానకు పోయి మందు అడుగు. నన్ను తిట్టు, ఏమైనా అను, కానీ వాటికి ఎట్లుందో రాయి. ఆ కాకి నా మాట ఎందుకు వినలేదో ఇప్పుడు తెలుస్తున్నది. నాకిస్తే చంపుతానని దానికి ముందే తెలుసేమో.

మాలతి


అమ్రాబాద్
29 మార్చి 2025

అక్కా,

ఎంత భయపెట్టావు! అన్నీ బాగున్నాయి. భాస్కర్ ఫోన్ షాపులో మరిచిపోయి వచ్చాడు, అందుకే ఎత్తలేదు. పుంజు రెండు రోజులు కాస్త మందంగా ఉన్నాడు. ప్రయాణం బడలిక అంతే. పశువుల డాక్టరు చుక్కల మందు వేశాడు. ఇప్పుడు మళ్ళీ గోడెక్కి కూస్తున్నాడు.

ఎర్ర పెట్ట గుడ్ల మీద కూర్చుంది. కదలడం లేదు.

నువ్వు చంపుతావని కాకికి తెలుసని రాశావు. అట్లాంటి మాటలు ఇంకెప్పుడూ రాయకు. పనుంది, మళ్ళీ రాస్తాను.

సుష్మ


గద్వాల
11 జూన్ 2025

సుష్మా,

నీ ఉత్తరం అందిన రోజు నేను అన్నం తిన్నాను. అంతకు ముందు పది పదిహేను రోజులు ఏం తిన్నానో, ఎట్లా నేశానో మీ బావనే అడగాలి. చీరె అంచులో ఒక కొమ్మ తప్పు పడింది, విప్పి మళ్ళీ నేశాను. పీడ పోయింది.

పిల్లలు అయ్యాయని భాస్కర్ మీ బావతో ఫోన్లో చెప్పాడట. ఎన్ని అని అడిగితే "సుష్మను అడగాలె" అన్నాడట. మొగవాళ్ళకు ఏదీ లెక్క ఉండదు. నువ్వైనా రాయకూడదా? ఏ రంగు, ఎవరి పోలిక? నీ ఉత్తరాలు మరీ చిన్నవైపోయాయి. అలిగావా? అలుగు, నీకు హక్కుంది.

ఆగస్టులో అమ్మ సంవత్సరీకం. మళ్ళీ కృష్ణ ఒడ్డుకే పోదాం. అత్తమ్మ ఈసారి ఏమన్నదంటే, "చిన్నదాన్ని కోళ్ళను పట్టుక రమ్మను, తల్లికి సూపిస్తె ఆమె పానం సల్లబడ్తది" అన్నది. నాకూ అదే అనిపించింది. పుంజును, ఒక పెట్టను గంపలో పట్టుకొని రా. ఎండలు తగ్గుతాయి అప్పటికి. రోగం ఇక్కడ ఎప్పుడో పోయింది, చావవలసినవన్నీ చచ్చాయి కాబట్టి.

ఒకసారి వాడిని చూడాలి నేను. బతికున్నాడని కళ్ళతో చూస్తే నాకు నిమ్మళం. నీకు పుణ్యముంటుంది, తప్పకుండా తే.

మాలతి


అమ్రాబాద్
2 జులై 2025

అక్కా,

బస్సులో అంత దూరం కోళ్ళతో కష్టం. నాలుగు చోట్ల మారాలి. పిల్లలు చిన్నవి, పెట్ట వాటిని విడిచి ఉండదు. ఫోటో తీసి బావ ఫోన్‌కు పంపనా?

వద్దులే, ఫోటోలో ఏం తెలుస్తుంది. తెస్తాను.

సుష్మ


గద్వాల
30 ఆగస్టు 2025

సుష్మా,

ఒట్టు తీరిపోయింది. మొన్న సంవత్సరీకంలో నాలుగు మాటలు మాట్లాడుకున్నాం కూడా, కూరలో ఉప్పు గురించి, చాపలు ఎక్కడున్నాయని. ఫోన్ చేయవచ్చు. అయినా ఇది నోటితో అనలేను, అందుకే మళ్ళీ కాగితమే.

నువ్వు గంప మీద గుడ్డ తీయగానే నాకు తెలిసింది. కాళ్ళ మీద ఈకలు ఉన్నాయి, రంగు కూడా దగ్గరగానే ఉంది, బాగా వెతికి ఉంటావు. కానీ అమ్మ పుంజు పిల్లగా ఉన్నప్పుడు నా మగ్గం తొక్కుడు కర్ర కింద పడి ఎడమ కాలి గోరు ఒకటి ఊడిపోయింది. మళ్ళీ మొలవలేదు. నువ్వు తెచ్చిన వాడికి గోళ్ళన్నీ ఉన్నాయి.

నా వంక చూడకుండా గుడ్డ మళ్ళీ కప్పేశావు. నేను కూడా నీ వంక చూడలేదు. అంతమంది మధ్య ఏమని అడుగుతాను? రోగం నేను పంపాను, అది చంపింది, నువ్వు నా కోసం దాచావు. ఇంతే కదా? కోపం రాలేదని అనను. వచ్చింది. అయిదు నెలలు నన్ను సంతోషపెట్టి మోసం చేశావని కడుపు మండింది. మండినా దానికి నిప్పు పెట్టింది నేనే.

అక్కడ ఒడ్డున విస్తరి పెట్టాక కాకి మళ్ళీ అట్లాగే తిరిగింది, ముట్టలేదు. నువ్వూ చూశావు. అత్తమ్మ నన్ను ముందుకు పొమ్మన్నది. "ఈసారన్న నీ మాట ఇంటదేమో సూడు" అన్నది నవ్వుతూ. నిజం చెబితే నీ పరువు పోతుంది, నాదీ పోతుంది, అమ్మ ఏమైపోతుందో తెలియదు. దండం పెట్టి గట్టిగా అన్నాను: "అమ్మా, నీ కోళ్ళు మంచిగున్నయి. సుష్మ మంచిగ సాదుతుంది. పుంజును చూసిన, గట్లనే ఉన్నడు."

కాకి దిగి తిన్నది.

అందరూ సంతోషపడ్డారు. అత్తమ్మ నా వీపు నిమిరింది, పెళ్ళయినప్పటి నుంచి ఆమె అట్లా నిమరడం అదే మొదలు. నేను నిజంగా, మనస్ఫూర్తిగా సాదుతానని అన్నప్పుడు ఆ కాకి నా ముఖం కూడా చూడలేదు సుష్మా. కళ్ళార్పకుండా అబద్ధమాడితే వచ్చి కడుపునిండా తిన్నది. ఏడాదంతా దేని కోసం కుమిలానో, నిన్ను దేని కోసం దూరం పెట్టానో నాకే అర్థం కావడం లేదు. ఆ రాత్రి నుంచి నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి.

అవి ఎట్లా పోయాయో రాయి. దాచకుండా రాయి. నేను చంపినవి, నాకు తెలియాలి.

మాలతి


అమ్రాబాద్
8 సెప్టెంబరు 2025

అక్కా,

రాస్తున్నాను. దాచను.

నీకు దొరగారు వచ్చారని రాసిన మూడో రోజు పుంజు మేత ముట్టలేదు. మెడ ఒక పక్కకు తిరిగింది, నీళ్ళు తాపుతుంటే ముక్కు గిన్నెలో కాక పక్కన పొడుస్తున్నాడు. ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. నా ఒళ్ళోనే పోయాడు. తర్వాత నల్ల పెట్ట, ఆఖరికి ఎర్రది. ముందే చుక్కలు వేయించాల్సింది, ఇప్పుడేం చేయలేమన్నాడు పశువుల డాక్టరు. లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చమన్నాడు. బావ ఫోన్ చేసినప్పుడు భాస్కర్ గుంట తవ్వుతున్నాడు. మోగుతున్నది ఎవరిదో చూశాం. ఎత్తలేదు.

దాచిన గుడ్లు ఆరు ఉండె. దేవమ్మ కోడి కింద పెడదామంటే వాళ్ళకూ రోగం అంటుతుందని భయం. అట్టపెట్టెలో బల్బు పెట్టి, తడిగుడ్డ పెట్టి నేనే పొదిగాను. వారం తర్వాత ఫోన్ లైటు మీద పెట్టి చూస్తే అయిదు ఖాళీ. ఒకదాంట్లో ఎర్రని నరాలు కనిపించాయి. భాస్కర్‌ను కేకేసి పిలిచాను. మూడు రోజులు రెండు గంటలకోసారి లేచి తిప్పాను. తర్వాత నరాలు కలిసిపోయి ఒక మరకలాగా అయింది. అప్పుడు ఏడ్చినంత అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

నీ ఉత్తరం ఆ మధ్యలో వచ్చింది. ముందు నీకు జవాబు రాశాను, నాలుగు పేజీలు, నీ జన్మలో మరిచిపోలేనివి. చించేశాను. నువ్వంటే జాలితోనే దాచానని అనుకోకు. నీ చివరి మాట, కాకికి ముందే తెలుసేమో అన్నది చదివి భయపడింది నిజమే. కానీ అమ్మ నన్ను నమ్మి ఇచ్చింది అన్న పేరు కూడా పోగొట్టుకోబుద్ధి కాలేదు నాకు. రెండూ ఉన్నాయి. కొత్తవి వనపర్తిలో పంజరాల పిట్టలు, రంగు చేపలు అమ్మే దుకాణంలో కొన్నాను. గోరు సంగతి నాకు తెలియదు. అమ్మ కోళ్ళ గురించి నీకు తెలిసినంత నాకెప్పుడు తెలుసు?

ఒక్క మాట ఇంకా ఉంది. ఒడ్డున నువ్వు గట్టిగా అబద్ధం చెబుతున్నప్పుడు నేను నీ వెనకే నిలబడ్డాను. అదే సమయానికి మనసులో నేను చెప్పుకుంటున్నాను: "అమ్మా, నీ కోళ్ళు ఒక్కటి మిగల్లే. అక్క బతికిద్దామనే పంపింది. నేను కాపాడలేకపోయిన. తింటే తిను, లేకుంటే లేదు." కాకి దిగింది. అది నీ మాటకు వచ్చిందో, నా మాటకు వచ్చిందో, ఉట్టి ఆకలికి వచ్చిందో నాకు తెల్వదక్కా. ఇంక తెలుసుకోవాలని కూడా లేదు.

దుకాణం పెట్ట నిన్నటి నుంచి పొదుగుకు కూర్చుంది. ఉట్టి గడ్డి మీద కూర్చొని రెక్కలు విప్పుకొని, చెయ్యి పెడితే పొడుస్తున్నది. గుడ్లు ఇసుకలో ఉన్నాయి. దాని కింద నేను పెట్టను. ఎన్ని రోజులైనా సరే, నువ్వు బస్సెక్కి వచ్చి నీ చేత్తో పెట్టు.

సుష్మ